మూడో గడి పియాజీ

ఫిర్దౌస్ వేళ్లు పట్టుదారం లచ్చిలోంచి పోగు తీసి అట్టముక్కకు చుడుతున్నాయి. ఒక్కో రంగు ఎనిమిది చుట్లు, పోగు మీద పోగు ఎక్కకుండా. ముందు పియాజీ, అంటే ఉల్లిగడ్డ పైపొట్టు ఒలిస్తే లోపల కనబడే లేత గులాబీ. దాని పక్కన ఒక మెట్టు ముదురు పియాజీ. తర్వాత మెంతిరంగు, చివరన బూడిదరంగు. చుట్టడం అయ్యాక కొసలను అట్ట వెనక టేపుతో అంటించింది. అట్ట వంగకుండా ఒక పాత డైరీలో పెట్టి సంచిలో వేసుకుంది. సంచిలో అప్పటికే పెన్‌డ్రైవ్, నీళ్ల సీసా ఉన్నాయి.

సోమవారం పొద్దున పది కావస్తోంది. సికింద్రాబాద్ పోయి మానిటర్ కొనుక్కురావాలి. పోవాలని లేదు. మోకాళ్లు లాగుతున్నాయి. కళ్ల వెనక నొప్పి నాలుగు రోజులుగా తగ్గలేదు. అయినా శనివారం ఎంతో దూరం లేదు.

శాలిబండలో వహీదా ఆపాకు, అంటే వహీదక్కకు, పెళ్లిబట్టల కార్ఖానా ఉంది. కింద దుకాణం, పైన నాలుగు కార్చోబ్‌లు. కార్చోబ్ అంటే బట్టను బిగించి కట్టే చెక్క చట్రం. దాని చుట్టూ కూర్చుని కారీగర్లు జరీ, పట్టు పని కుడతారు. ఈసారి ఒక పెళ్లికూతురి ఖడా దుపట్టా, అంటే నిలువెల్లా చుట్టుకునే పొడవాటి ఓణీ, ఆర్డరు వచ్చింది. ముందు బట్ట మీద పూలతీగలను రంగుల్లో అచ్చు వేయించాలి. ఆ పూల అంచుల వెంట కారీగర్లు అదే రంగు పట్టుదారంతో కుట్టాలి. దారం అద్దకం అయి వచ్చేసింది కూడా. ఆ దారానికి సరిపోయేలా కంప్యూటర్‌లో డిజైను గీసి, రంగులు నింపి, ఫైలు అచ్చువాళ్లకు ఇచ్చేది ఫిర్దౌస్.

మొదటి నమూనాలో పియాజీ మాసిన మట్టిరంగులో వచ్చింది. తప్పు అచ్చువాళ్లదే అనుకున్నారు. వాళ్లు మాట పెంచకుండా ఫిర్దౌస్‌దే ఒక పాత ఫైలు, పోయిన ఏడాదిది, అదే మిషన్ మీద మళ్లీ తీసి చూపించారు. అది పోయిన ఏడాది ఎట్లా వచ్చిందో అట్లానే వచ్చింది. అంటే తప్పు ఈ ఏటి ఫైలులో ఉంది. ఫిర్దౌస్ రంగులన్నీ మళ్లీ కలిపి రెండో నమూనా తీయించింది. అదీ మట్టే.

వహీదా ఆపా అరిచే మనిషి కాదు. రెండు నమూనాలనూ దారం లచ్చి పక్కన పరిచి చాలాసేపు చూసింది.

“ఇరవై ఏండ్ల సంది నీ చెయ్యి తప్ప వేరే చెయ్యి నా కార్ఖానల గీయలే ఫిర్దౌస్. శనివారం దాంక ఆగుత. అప్పటికి గూడ రంగు కలవకుంటే డిజైన్ పని సూరత్‌కు పంపిస్త. ఈ ఒక్కటి కాదు, మొత్తం. నన్ను తప్పు పట్టకు.”

ఫిర్దౌస్ తప్పు పట్టలేదు. ఆ జాగాలో తానున్నా అదే మాట అనేది.

జహనుమాలో రెండు గదుల ఇల్లు ఫిర్దౌస్ వాళ్లది. తండ్రి బాబూమియా, ఆమెకు అబ్బా, ఖాకా పనివాడు. డిజైనును పల్చటి కాగితం మీద గీసి, గీత వెంబడి సూదితో సన్నటి బొక్కలు పొడుస్తారు. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన సుద్దతో రుద్దితే బొక్కల్లోంచి చుక్కలు దిగుతాయి. చుక్కల వెంట కుట్టు నడుస్తుంది. ఆ కాగితమే ఖాకా. ఫిర్దౌస్ తొమ్మిదో ఏట సూది పట్టింది. పదో తరగతి పాసైంది. పెళ్లయింది, మూడేళ్లకు తిరిగొచ్చింది. ఎందుకొచ్చినవని అడిగినవాళ్లకు ఇక్కడ పని ఉందని చెప్పింది. నిజంగానే ఉండింది.

కంప్యూటర్ ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర దరఖాస్తులు నింపే ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి కూర్చుని, పక్కవాళ్లు ఏం నొక్కుతున్నారో చూసి నేర్చుకుంది. అప్పటికి ముప్పై దాటాయి. గీసే పెన్ను, దాని కింది పలక కొన్నాక ఆరు నెలలు గీత వణుకుతూనే ఉంది. పెన్నును ఖాకా సూదిలాగా నిలువుగా పట్టుకోవడం మొదలుపెట్టాక నిలబడింది. నలభై నాలుగో ఏట ఇప్పటికీ అట్లానే పట్టుకుంటుంది. చూసినవాళ్లు నవ్వుతారు. గీత చూశాక ఊరుకుంటారు.

ఇంట్లో ఉన్న మానిటర్ ఏదో ఆఫీసు వాళ్లు తీసేసిన పాత సామానులో దొరికింది. పదకొండేళ్లుగా పనిచేస్తోంది. ఒక మూల పసుపు పట్టింది, కింది అంచున చీకటి పాకుతోంది. రంగు తప్పుతోందంటే ఇంకేముంటుంది, తెరకు వయసైపోయింది అనుకుంది. దాచుకున్నదంతా తీసింది. అది ఒక్క మానిటర్‌కు వస్తుంది. రెండోసారి కొనే మాట లేదు.

సికింద్రాబాద్‌లో రైలు దిగి, కంప్యూటర్ దుకాణాలున్న బిల్డింగులో మూడంతస్తులు మెట్లెక్కింది. లిఫ్టు ఆగిపోయి ఉంది. పై మెట్టు మీద రెండు నిమిషాలు నిలబడి ఊపిరి తీసుకుని ఒక దుకాణంలోకి వెళ్లింది. తెల్లటి గోడలు, తెల్లటి కప్పు, వరసగా వెలుగుతున్న తెరలు. రాహుల్ అనే సేల్స్‌మన్ ఆమెను నేరుగా వంపు తిరిగిన పెద్ద తెర ముందు నిలబెట్టాడు. ఆటలకు, సినిమాలకు, బొమ్మలకు అన్నింటికీ అందరూ ఇదే తీసుకుపోతున్నారని చెప్పి, ఏవో అంకెలు గడగడా చదివాడు.

అంకెలన్నీ విన్నాక ఫిర్దౌస్ తెర వంపును చేత్తో చూపించింది.

“ఇది వంగి ఉంది కద బాబూ. దీని మీద గీత సక్కగ ఉన్నదో వంకర పోయిందో నాకెట్ల ఎరుకైతది?”

రాహుల్ ఆ తెర వదిలేశాడు. పక్కదాని దగ్గరికి తీసుకుపోయాడు. అది అద్దంలా మెరుస్తోంది. దాని మీద ఆడుతున్న పక్షుల వీడియో ఆపమని అడిగింది. ఆపగానే నల్లటి తెరలో ఆమె మొహం కనబడింది, కళ్ల కింద నీడలతో సహా. పొద్దంతా తన మొహం తానే చూసుకుంటూ కూర్చుంటే ఇక పని ఎవరు చేస్తారని అడిగింది. రాహుల్ నవ్వాడు. అప్పటినుంచి అంకెలు తగ్గించాడు.

పెన్‌డ్రైవ్‌లో ఆమె మూడు ఫైళ్లు తెచ్చుకుంది. ఒకటి మొత్తం బూడిదరంగు, ఇంకేమీ లేదు. రెండోది వెంట్రుక సన్నం తీగలు. మూడోదాంట్లో తొమ్మిది గడులు. మొదటి గడి నిండు గులాబీ, తొమ్మిదోది మట్టి, మధ్యలో ఒక్కో గడికి ఒక్కో మెట్టు. దుకాణంలో ప్రతి తెరకూ రంగులు ఎగదోసి పెట్టి ఉన్నాయి, చూసేవాళ్ల కళ్లు చెదరాలని. వాటిని మామూలుకు దించమని చెప్పి, మానిటర్‌ను ఒక పొట్టి స్టూలు మీద పెట్టించి, ఫిర్దౌస్ దాని ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

రాహుల్ అటూ ఇటూ చూశాడు. “మేడమ్, కుర్చీ తెస్త ఆగండి. అందరు చూస్తుండ్రు.”

“చూడనీయి. నేను ఇంట్ల కిందనే కూసుంట. ఇక్కడ కుర్చీల కూసోని కొంటే, ఇంటికి పోయినంక కుర్చీ గూడ కొనాలె.”

అందులో వేళాకోళం సగమే. ఇంట్లో మానిటర్ ఇనుప పెట్టె మీద ఉంటుంది, ఆమె కింద చాప మీద ఉంటుంది. తెరను ఎప్పుడూ కొంచెం కింది నుంచే చూస్తుంది. మొదటి తెర మీద బూడిదరంగు కింది నుంచి చూస్తే పైభాగాన పసుపు తిరిగింది. రెండోది నల్లబడింది. మూడోదాని మీద సన్నటి తీగలు మెట్లుమెట్లుగా విరిగాయి. నాలుగోది సాదాసీదా తెర. మెరుపు లేదు, వంపు లేదు, అంచులు లావు. దాని మీద బూడిదరంగు ఎటునుంచి చూసినా బూడిదగానే ఉంది. ఆమె లేచి చూసింది, మళ్లీ కూర్చుని చూసింది, పక్కకు జరిగి చూసింది.

అప్పుడు డైరీలోంచి దారం చుట్టిన అట్ట తీసి తొమ్మిది గడుల ముందు పెట్టింది. దారానికి ఉండేది మెరుపు, తెరకు ఉండేది వెలుగు. రెండూ ఒకటి కావు. అందుకని కళ్లు సగం మూసి చూడాలి. మూడో గడి దగ్గర పియాజీ దారం తెరలో కలిసిపోయింది. అట్ట అంచు లేకపోతే దారం ఎక్కడుందో తెలియనంతగా.

ఇంట్లో పాత తెర మీద అదే దారం ఆరో గడికి కలిసింది. మూడు గడుల తేడా. దొరికింది దొంగ అనుకుంది ఫిర్దౌస్.

మరి మూడో గడి రంగే దుపట్టాలో పోసేస్తే అయిపోదా అంటే అయిపోదు. ఒక్క పియాజీలోనే పదకొండు ఛాయలున్నాయి. రేకు మొదట్లో ఒకటి, కొసన ఒకటి, మడత పడ్డ చోట ఇంకొకటి. ఆకులు, మొగ్గలు వేరే. అన్నింటినీ కంటితోనే కలపాలి. అందుకు కన్ను నమ్మగలిగే తెర కావాలి.

ఆ నాలుగోదే కొన్నది. డబ్బా కడుతూ రాహుల్ ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. ఏది అని అడిగింది ఫిర్దౌస్, నిజంగానే అర్థం కాక.

రైల్లో డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఫలక్‌నుమా దాకా కూర్చుంది. ఇంటికొచ్చేసరికి నడుము పట్టేసింది.

మంగళవారం పొద్దున కొత్త మానిటర్‌ను పెట్టె మీద నిలబెట్టి, చాప మీద కూర్చుని, తొమ్మిది గడులు తెరిచి దారం పట్టింది. ఆరో గడి.

అట్ట దించి, మొహం కడుక్కుని, చాయ్ తాగి మళ్లీ చూసింది. ఆరో గడి. రంగులు ఎగదోసే బటన్ ఏదైనా నొక్కుకుపోయిందేమోనని వెతికింది. అన్నీ దుకాణంలో పెట్టినట్టే ఉన్నాయి. పాత మానిటర్‌ను తగిలించి చూసింది. అక్కడా ఆరే. తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న బాబూమియా, కొత్తది ఎట్లా ఉందని రెండుసార్లు అడిగాడు. మంచిగుంది అబ్బా అంది.

తర్వాత రాహుల్‌కు ఫోన్ చేసింది. చూపించింది ఒకటి, డబ్బాలో పెట్టింది ఒకటి అంది. తీసుకురండి మేడమ్, ఇక్కడే చూద్దాం అన్నాడు.

బుధవారం మళ్లీ డబ్బా, మళ్లీ రైలు, మళ్లీ మూడంతస్తులు. ఈసారి రాహుల్ రెండో అంతస్తు దాకా దిగివచ్చి డబ్బా అందుకున్నాడు. ముందు బిల్లు మీది నంబరు, మానిటర్ వెనకాల నంబరు చూపించాడు. రెండూ ఒకటే. పొట్టి స్టూలు మీద పెట్టాడు. ఫిర్దౌస్ నేల మీద కూర్చుని దారం పట్టింది.

మూడో గడి.

అట్టను తీసి ఇంకోసారి పెట్టి చూసింది. రాహుల్ కూడా వంగి చూశాడు.

“మానిటర్ మంచిగనే ఉంది మేడమ్,” అన్నాడు. “మీ ఇంట్లనే ఏమన్న ఉందేమో చూసుకోండి.”

దెప్పినట్టు అనలేదు. కానీ ఫిర్దౌస్‌కు అది దెప్పినట్టే తగిలింది. నిన్న ఫోన్లో అన్న మాట మనసులో పెట్టుకోవద్దని చెప్పి, డబ్బా కట్టించుకుని బయటపడింది. తెర తప్పు కాదు, అచ్చు తప్పు కాదు, దారం తప్పు కాదు. ఇక మిగిలింది తన కళ్లే. రైలు కాచిగూడ దాటేదాకా అదే అనుకుంటూ వచ్చింది. తండ్రికి వచ్చిన శుక్లాలు తనకూ వస్తున్నాయేమో. వహీదా ఆపాకు ఆ మాట ఎట్లా చెప్పాలో కూడా కూర్చుకుంది.

నాలుగు గంటలకు ఇల్లు చేరి, గడప ముందు మెట్టు మీద కూలబడింది. లోపలికి మోసే ఓపిక లేక డబ్బాను అక్కడే విప్పింది. పైన ఉండే థర్మకోల్ ముక్కను తీసి మెట్టు మీద పెట్టింది. సాయంత్రపు ఎండలో సున్నంలా తెల్లగా ఉంది. మానిటర్‌ను లోపల పెట్టె మీద పెట్టి వచ్చి, థర్మకోల్‌ను చేతిలో పట్టుకుని మళ్లీ లోపలికి నడిచింది.

గదిలో రెండడుగులు వేసి ఆగింది. చేతిలోని థర్మకోల్ తెల్లగా లేదు. లేత పచ్చగా ఉంది, పచ్చి మామిడికాయ లోపలి రంగులో.

బయటికి వచ్చింది. తెలుపు. లోపలికి పోయింది. పచ్చ. మూడుసార్లు తిరిగింది. పొద్దస్తమానం గదిలోనే ఉంటే కన్ను దానికి అలవాటు పడిపోతుంది, ఏమీ తెలియదు. గడప దాటిన ఆ మొదటి క్షణంలోనే తెలుస్తుంది. దారం అట్ట తెచ్చింది. మెట్టు మీద అది ఉల్లిపొర గులాబీ. గదిలో అదే దారం మట్టి వైపు తిరిగిపోయింది.

గది నాలుగు గోడలూ చిలకపచ్చ. మొన్న రంజాన్‌కు ముందు బాబూమియాకు శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంటిపక్కన ఉండే నగేష్ ఇళ్లకు రంగులు వేస్తాడు. పచ్చ చూస్తే కళ్లకు సల్లగుంటదని అతనే చెప్పాడు. ముసలాయన ఆస్పత్రిలో ఉన్న రెండు రోజుల్లో ఫిర్దౌస్ దగ్గరుండి గోడలన్నింటికీ పచ్చ వేయించింది. ట్యూబ్‌లైటు వెలుగు ఆ గోడలకు తగిలి పచ్చగా తిరిగొచ్చి దారం మీద పడుతోంది. పచ్చబడ్డ దారాన్ని చూసి తెర మీద పియాజీని ఆమె తన చేత్తోనే చంపుతూ వచ్చింది. ఎండాకాలమంతా నలుపు, ముదురు ఎరుపు పనులే వచ్చాయి. వాటిలో తేడా ఎవరికీ పట్టలేదు. పియాజీ రాగానే బయటపడింది.

ఆమెకు చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. పత్తర్‌గట్టీలో దారం కొనేటప్పుడు బాబూమియా లచ్చిని దుకాణం మెట్ల మీదికి తెచ్చి ఎండలో తిప్పి చూడందే కొనేవాడు కాదు. రంగు నా దగ్గర కొంటున్నవా మియా, సూర్యుని దగ్గర కొంటున్నవా అని దుకాణదారు ఎగతాళి చేసేవాడు. ఆమె కూడా ఎన్నో ఏళ్లు అట్లానే చూసింది. కంప్యూటర్ వచ్చాక ఆ అలవాటు పోయింది. తెరను మెట్ల మీదికి తేలేం కదా.

“ఏం చూస్తున్నవ్ బేటా, లోపటికి బయటికి?” అన్నాడు బాబూమియా.

“గోడ అబ్బా.”

అట్ట చేతికిచ్చింది. ఆయన కుర్చీలోంచే చేయి చాచి అట్టను తలుపు బయటికి పెట్టాడు, లోపలికి తెచ్చాడు, మళ్లీ బయటికి పెట్టాడు. రెండోసారికి అర్థమైపోయింది.

“తీసేయించు,” అన్నాడు.

ఫిర్దౌస్ డాక్టర్ పేరు ఎత్తబోయింది.

“డాక్టర్ చుక్కల మందు చెప్పిండు. పచ్చ గోడ చెప్పింది నగేష్. నేను తలుపు దిక్కు మొహం పెట్టి కూసుంట. నీ గోడ నాకు ఎన్నడు కనబడ్డది?”

కంటి పట్టీ విప్పాక ఇంటికొచ్చిన రోజు, గదిలోకి అడుగు పెడుతూనే ఆయన గోడ మీద చెయ్యి వేసి, ఇది చిలకపచ్చ కదా బేటా అని అడిగాడు. ఏళ్ల తర్వాత ఆయన తనంతట తాను పేరు చెప్పగలిగిన మొదటి రంగు అది. ఫిర్దౌస్‌కు గుర్తుంది. ఆయనకూ గుర్తుండే ఉంటుంది.

గురువారం పొద్దున్నే నగేష్ బకెట్, బ్రష్షులు తెచ్చుకుని వచ్చాడు. ఏ రంగు అంటే బూడిద అంది; అది దారం మీద తన రంగు పడేయదు.

“బూడిదా? ఆపా, ఇల్లు పోలీస్ ఠాణా లెక్క ఐతది. సుట్టాలొస్తె భయపడతరు.”

“మంచిదే కద అన్నా. జల్ది లేసి పోతరు.”

నగేష్ నవ్వుకుంటూ తెల్ల రంగులో నలుపు చుక్కలు చుక్కలుగా పోస్తూ కలిపాడు. ఫిర్దౌస్ అట్ట మీది బూడిదరంగు దారాన్ని తెచ్చి అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. అతను ఒక కాగితం మీద రంగు రాసి, ఎండలో ఆరబెట్టి, దారం పక్కన పెట్టేవాడు. నీలం కొడుతోంది అనేది. అతను కొంచెం పసుపు కలిపి మళ్లీ రాసేవాడు. నాలుగో కాగితానికి ఇద్దరికీ నచ్చింది. రంగు ఎప్పుడైనా బయటనే చూస్తామని, ఆ రోజు కూడా ఈ గదిలో ఏం పని జరుగుతుందో తాను అడిగి ఉండాల్సిందని నగేష్ తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. ఫిర్దౌస్ ఆ నింద అతని మీద పెట్టలేదు. పచ్చ కావాలని అడిగింది తానే.

చిలకపచ్చ మొండిది. ఒక పూత వేస్తే కింది నుంచి తొంగిచూసింది. రెండో పూత వేయాల్సి వచ్చింది. బాబూమియా కుర్చీని గల్లీలోకి లాక్కుని, అక్కడ పచ్చ కనబడుతోంది, ఇక్కడ కనబడుతోంది అని వేలు చూపిస్తూ కూర్చున్నాడు. ఆ గోడలను అందరికన్నా ఎక్కువగా చూసింది ఆయనే.

రంగు ఆరేసరికి మధ్యాహ్నం మూడైంది. ఫిర్దౌస్ చాప పరిచింది. థర్మకోల్ ముక్కను తెచ్చి గోడకు ఆనించింది. తెల్లగానే ఉంది. తొమ్మిది గడులు తెరిచి దారం పట్టింది.

మూడో గడి.

సంతోషం రాలేదు. దానికి కూడా కొంత ఓపిక ఉండాలి. దుపట్టా ఫైలు తెరిచింది. కళ్లు మూసుకుని తెరిచి మళ్లీ చూసింది. ఇంతకాలం పియాజీ అనుకుంటూ కలిపిన రంగు వానకు తడిసిన గోనెసంచిలా ఉంది. ఇది తన చేతి పని అని ఒప్పుకోవడానికి ఒక నిమిషం పట్టింది. పెన్ను నిలువుగా పట్టుకుని మొదటి రేకు నుంచి మొదలుపెట్టింది. రేకు మొదలు, కొస, మడత. ఒక ఛాయ కలపడం, దారం పట్టి చూడటం, కళ్లు మూసి తెరవడం, మళ్లీ కలపడం. ఆరో ఛాయ దగ్గర కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది. కాసేపు గడప మీద కూర్చుని గల్లీ చూసి వచ్చింది. బాబూమియా తన కంటి చుక్కల మందు చూపించి, నువ్వూ రెండు చుక్కలు వేసుకో అన్నాడు. వద్దంది. రాత్రి ఇషా అజాన్‌కు ముందే నమూనా కోసం ఫైలు అచ్చువాళ్లకు పంపింది. కంప్యూటర్ ఆపేసి, మానిటర్ మీద దుమ్ము పడకుండా పాత దుపట్టా కప్పింది.

శనివారం పదకొండుకు అచ్చువాళ్ల దగ్గర నమూనా తీసుకుంది. ఒక గజం బట్ట. అక్కడ విప్పలేదు. విప్పితే ఏం చూడాల్సి వస్తుందోనని. అట్లానే సంచిలో పెట్టుకుని శాలిబండకు నడిచింది.

వహీదా ఆపా గల్లా దగ్గర ఉంది. లచ్చి తీసి బల్ల మీద సిద్ధంగా పెట్టుకుంది. ఫిర్దౌస్ బల్ల మీద బట్ట పరచలేదు.

“బయట మెట్ల మీదికి రా ఆపా.”

వహీదా కనుబొమలు ఎత్తింది. అయినా లచ్చి పట్టుకుని వచ్చింది. ఎండ మెట్ల మీద సగం దాకా ఉంది. ఫిర్దౌస్ బట్ట విప్పి ఎండలో పరిచింది. వహీదా లచ్చిలోంచి ఒక పోగు లాగి, తెంపి, పెద్ద పువ్వు రేకు మీద పెట్టి చెయ్యి తీసింది. పోగు కనబడలేదు. వంగి వెతికింది. వేలితో తడిమితే తగిలింది. రేకు కొసన పెట్టి చూసింది, మడతలో పెట్టి చూసింది. ముదురు దారంతో మళ్లీ మొదటి నుంచి చూసింది. మొహంలో ఏమీ తెలియనీయలేదు. చివరికి ఫిర్దౌస్ వైపు తిరిగింది.

“ఏం మార్చినవ్?”

“గోడ.”

వహీదా పెన్‌డ్రైవ్ కోసం చెయ్యి చాచింది. అందులో అచ్చుకు పంపాల్సిన దుపట్టా మొత్తం ఫైలు ఉంది. ఫిర్దౌస్ దాన్ని ఆ చేతిలో పెట్టింది. వహీదా మెట్ల మీంచే పైకి కేకేసి, పెద్ద కార్చోబ్ ఖాళీ చేయమని కారీగర్లకు చెప్పింది. నమూనా బట్టను మడిచి, పియాజీ లచ్చిని దాని మీద పెట్టి, రెండూ కలిపి లోపలికి తీసుకుపోయింది.